పుర్రచెయ్యి అనుకున్నారు: ఒక పాప, రెండు చేతులు, ఆరేళ్ల కేసు

గుంటూరులో పిల్లలకి ఆక్యుపేషనల్ థెరపీ, అంటే తినడం, రాయడం లాంటి రోజువారీ పనులు చేసుకోవడం నేర్పే చికిత్స, చేస్తుంటాను, 14 ఏళ్లు దాటింది. ఈ కేసు బాగా నడిచిందని రాయట్లేదు, మొదట్లో నేనే తప్పు దారిలో నడిపించాను, ఆ తప్పు ఎక్కడ జరిగిందో చూస్తే అది మా పుస్తకాల్లో లేదు, మన అన్నం కంచం దగ్గర ఉంది. అందుకే రాస్తున్నా. వాళ్లమ్మ రాయమంది. ఊరు, కుటుంబం సంగతులు కొన్ని మార్చాను, కొన్ని అసలు చెప్పను. పాపని చిన్ని అందాం.

నా దగ్గరికి రాకముందు

నెలలు నిండాకే పుట్టింది, మామూలు కాన్పు, బరువు 2.8 కేజీలు. రెండో రోజు రాత్రి కుడి చెయ్యి ఒక్కటే టకటకా కొట్టుకుందంట, ఓ అర నిమిషం, తెల్లారుజామున ఇంకోసారి. అమ్మమ్మ చూసి నర్సుని పిలిస్తే చలికిలే అని గుడ్డ చుట్టి ఇచ్చారు, షుగర్ చూశారు, బాగానే ఉంది, మూడో రోజు ఇంటికి పంపేశారు. ఇప్పుడు కూర్చుని వాళ్లని అనడం తేలిక. పసిపిల్లలు ఊరికే కూడా వణుకుతారు. కాకపోతే ఒక తేడా ఉంది, ఉత్త వణుకైతే ఆ చెయ్యి మనం మెల్లగా పట్టుకుంటే ఆగిపోతుంది, ఫిట్స్ అయితే పట్టుకున్నా మన చేతిలోనే కొట్టుకుంటూ ఉంటుంది. ఒక్క వైపే కొట్టుకుంటుంటే మాత్రం అస్సలు వదలకూడదు.

5, 6 నెలలకి బొమ్మ చూపిస్తే ఎడం చెయ్యే వచ్చేది. కుడిది ఎప్పుడూ గుప్పిటే, బొటనవేలు లోపలికి. "వాళ్ల తాత పోలిక, ఆయనదీ పుర్రచెయ్యే" అని నాయనమ్మ తేల్చేసింది, ఇంట్లో అందరూ ముచ్చటపడ్డారు కూడా. ఏడాది లోపు పిల్లలకి పుర్రచెయ్యి అనేది ఉండదండీ. చేతివాటం తేలడం మొదలయ్యేదే ఏడాది, ఏడాదిన్నర దాటాక. అంతకుముందే ఒక చెయ్యి మీదే నడుస్తుంటే వాడే చెయ్యి గురించి కాదు, వాడని చెయ్యి గురించి అడగాలి. ఈ ఒక్క ముక్క ప్రతి అంగన్‌వాడీలో, టీకాలేసే ప్రతి చోటా తెలిస్తే ఎంతమందికి ఏడాది కలిసొస్తుందో.

పాకడం కూడా ఎడం చేత్తో లాక్కుంటూ ఒక పక్కకి పాకేది. 15 నెలలకి ఒక పిల్లల డాక్టరుగారికి అనుమానమొచ్చి న్యూరాలజిస్టు దగ్గరికి పంపారు, మత్తిచ్చి ఎంఆర్ఐ తీస్తే మెదడు ఎడమ వైపు పాత మచ్చ, మిడిల్ సెరిబ్రల్ ఆర్టరీ అనే పెద్ద రక్తనాళం పారే ప్రాంతం. అంటే పుట్టేముందో పుట్టాకో ఆ నాళంలో రక్తం గడ్డకట్టి అడ్డుపడింది. కడుపులో 20 వారాల నుంచి పుట్టిన 28 రోజుల దాకా ఎప్పుడు జరిగినా దాన్ని పెరినేటల్ స్ట్రోక్ అంటారు. ఎడం మెదడు కుడి ఒంటిని నడుపుతుంది కాబట్టి కుడి చెయ్యి, కుడి కాలు.

"స్ట్రోక్ అంటే పక్షవాతం గదండీ, అది ముసలోళ్లకొచ్చేది" అని వాళ్ల నాన్న ఆ రిపోర్టు ఇంకో ఇద్దరికి చూపించాడు. ఈలోపు ఇంట్లో ఇంకో పంచాయితీ, కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం రోజు వాకిట్లోకొచ్చిందని అత్తగారు కోడల్ని పట్టుకుంది. (పాపం గ్రహణం మీద వేసే నిందలకి అంతు లేదు, ఇదివరకు మొర్రి ఒక్కటే దాని ఖాతాలో ఉండేది.) నిజానికి ఇలాంటి చాలామంది పిల్లల్లో ఇదీ కారణం అని ఒక్కటి తేలదు, తల్లి తిన్నదానివల్లో తిరిగినదానివల్లో మాత్రం కాదు. గుండె ఎకో, రక్తం గడ్డకట్టే టెస్టులు చేశారు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అలాంటప్పుడు మళ్లీ స్ట్రోక్ వచ్చే అవకాశం చాలా తక్కువ, అందుకే ఆస్పిరిన్ కూడా రాయలేదు. ఈ మాట తల్లికి ఎవరూ విడమరిచి చెప్పలేదు, నా దగ్గరికొచ్చేదాకా రోజూ రాత్రి లేచి పాప మూతి వంకరపోయిందేమో అని ఫోన్ లైటేసి చూసుకునేదంట.

మధ్యలో 5 నెలలు పసరు, పావురం రక్తం మర్దనా. దాని గురించి నేనెప్పుడూ వాళ్లని ఒక్క మాట అనలేదు, అంటే ఇంకేం దాస్తారో మనకి తెలియకుండా పోతుంది.

వచ్చేనాటికి

2 ఏళ్ల 5 నెలలు. నడుస్తుంది, కుడి మడమ నేలకానదు, మునివేళ్ల మీద. మాటలు కొంచెం లేటు కానీ వస్తున్నాయి. ఎడం మెదడు దెబ్బతింటే మాట పోవాలి కదా అని అడుగుతారు, ఇంత చిన్నప్పుడు జరిగితే మాటల పని చాలావరకు కుడి మెదడు ఎత్తుకుంటుంది. కుడి చెయ్యి మోచేతి దగ్గర వంగి ఛాతీకి ఆనుకుని ఉండేది, బంతి ఇస్తే ఎడం చేత్తో తీసుకునేది, రెండోది కూడా ఇస్తే మొదటిది కింద పడేసి దీన్ని తీసుకునేది. కుడి చెయ్యి ఉన్న సంగతే గుర్తు లేనట్టు.

ఏం కావాలి మీకు అని మొదటి రోజే అడుగుతాను. నలుగురొచ్చారు, నలుగురూ ఒకటే మాట. "కుడిచేత్తో అన్నం తినాల." నాయనమ్మ ఇంకొంచెం వివరంగా చెప్పింది, "ఆడపిల్ల డాక్టరమ్మా, రేపు పంక్తిలో కూర్చుని ఎడం చేత్తో తింటే ఏమంటారు?"

నేను నోట్సులో రాసుకున్నాను. కుటుంబం ఏది కోరితే అదే లక్ష్యంగా పెట్టుకోవాలని మాకు నేర్పుతారు. అదే పెట్టుకున్నా.

గ్లౌజు

బాగున్న చేతిని కొంతసేపు కట్టేసి, బలహీనమైన చేతితోనే పని చేయించే పద్ధతి ఉంది. కన్‌స్ట్రెయింట్ థెరపీ అంటారు, ఇలాంటి పిల్లల్లో బాగా పరీక్షించిన పద్ధతి, నాకు దాని మీద నమ్మకముంది, ఇప్పటికీ ఉంది. రోజుకి 2 గంటలు, 6 వారాలు, ఎడం చేతికి మెత్తటి గ్లౌజు. క్లినిక్‌లో గంట, ఇంట్లో గంట. ఆ ఇంటి గంటని అన్నం టైముకి పెట్టాను. నా లెక్క ఏంటంటే ఆకలేస్తుంది, కంచం ముందుంటుంది, ఇంతకన్నా మంచి ప్రోత్సాహం ఏముంటుంది, పైగా వాళ్ల లక్ష్యం కూడా అదే.

వారం తిరక్కుండానే పంటితో గ్లౌజు పీకేయడం మొదలుపెట్టింది. గ్లౌజు కనపడితే మంచం కిందికి దూరేది. వాళ్లమ్మ ఫోన్ చేసి "మేడం, కంచం తెస్తుంటేనే ఏడుస్తంది" అంటే నేను రెండు వారాలు ఓపిక పట్టమన్నాను, మొదట్లో అందరూ ఏడుస్తారు అని. 5వ వారానికి పాప బరువు 700 గ్రాములు తగ్గింది. మా గేటు దగ్గరే ఆటో దిగనని పడుకునేది.

అన్నం కలిపి ముద్ద చేసి నోట్లో పెట్టుకోవడం అంటే ఎంత పనో ఒక్కసారి మీ చెయ్యి చూసుకుంటూ తినండి. అయిదు వేళ్లు విడివిడిగా కదలాలి, మణికట్టు తిరగాలి, మెతుకు జారకుండా బొటనవేలితో తొయ్యాలి. గుప్పిట విప్పడమే రాని చేతికి నేను పెట్టిన మొదటి పరీక్ష అది. అదీ ఆకలితో ఉన్న పిల్లకి. పద్ధతి తప్పు కాదు, పని ఎంచుకోవడం తప్పు. ఇంకా లోపలికి వెళ్తే, నాకూ కుడిచెయ్యే అన్నం చెయ్యి అని మనసులో ఉంది కాబట్టే ఆ లక్ష్యాన్ని ప్రశ్నించాలని తోచలేదు. పాపకి గిన్నె పట్టుకోవడం అవసరమా, అన్నం తినడం అవసరమా అని ఎవరైనా బయటోళ్లు అడిగుంటే తెలిసేది.

ఆపేశాను. రెండు నెలలు రావద్దన్నాను. వాళ్ల నాన్న ఇంక లాభం లేదని చెప్పేస్తున్నారా అని అడిగాడు, కాదు, మీ అమ్మాయికి నేనంటే భయం పోవాలి అన్నాను.

చిక్కుడుకాయలు

ఆ రెండు నెలల్లో ఒకసారి వాళ్ల ఇంటికెళ్లాను. సంక్రాంతి ముందు. అరుగు మీద నాయనమ్మ చిక్కుడుకాయలు ముందేసుకుని ఈనెలు తీస్తోంది, చిన్ని పక్కన కూర్చుని తనూ తీస్తోంది. నేనొచ్చింది చూళ్లేదు. కాయని కుడి మణికట్టు కింద పెట్టి తొడకేసి నొక్కింది, ఎడం చేత్తో కొన తుంచి ఈనె సర్రున లాగింది, ఎత్తి చూసుకుంది, పళ్లెంలో వేసింది. మళ్లీ ఇంకోటి. పదో పన్నెండో తీసింది నా కళ్ల ముందే. ఎవరూ చెప్పలేదు, గ్లౌజు లేదు, స్టిక్కర్ లేదు.

నా క్లినిక్‌లో ఆరు వారాల్లో ఆ చెయ్యి అన్నిసార్లు పని చెయ్యలేదు.

అక్కడే కూర్చుని లక్ష్యం మార్చుకున్నాను. ఈ చెయ్యి ఎప్పటికీ రెండోదే. మెదడులో పోయింది చిన్న ముక్క కాదు, దీన్ని మొదటి చెయ్యి చెయ్యాలని చూడ్డం పిల్లని ఓడిపోయే ఆటలో కూర్చోబెట్టడం. కానీ మంచి రెండో చెయ్యి కావచ్చు. పట్టుకోవడం, నొక్కిపెట్టడం, ఆపడం, మోయడం, అంతే దాని ఉద్యోగం.

ఇది ఇంట్లోవాళ్లకి చెప్పాలి. తాతకి మిర్చి యార్డుతో పని, లారీలతోనే బతుకు. ఆయన్ని అడిగాను, లారీకి క్లీనరెందుకండీ, తోలేది డ్రైవరే కదా అని. "క్లీనరు లేకుండా లారీ యార్డులో వెనక్కెట్టా వస్తది, పట్టా ఎవరు కడతారు?" అన్నాడు. మరి మనమ్మాయి ఎడం చెయ్యి డ్రైవరు, కుడి చెయ్యి క్లీనరు, నేను క్లీనరుకి స్టీరింగు ఇచ్చి కూర్చోబెట్టాను, అందుకే గొడవైంది అన్నాను. ఆయన చాలాసేపు నవ్వాడు. ఆ మాట ఆ ఇంట్లో ఉండిపోయింది, చిన్ని కూడా కుడి చేతిని క్లీనరు అనే పిలుస్తుంది.

నాయనమ్మ మాత్రం తేలిగ్గా ఒప్పుకోలేదు. "ఆ చేత్తోనే కడుక్కుని ఆ చేత్తోనే తింటదా?" ఇది మూఢనమ్మకం అని కొట్టిపారేసే ప్రశ్న కాదు, సరైన ప్రశ్న, మనమే జవాబు వెతకాలి. దొడ్లో జెట్ స్ప్రే పెట్టించాం, ఎడం పక్కకి, నీళ్లతోనే పనైపోయేలాగా. సబ్బు సీసా, నొక్కితే వచ్చేది, క్లీనరు సీసా పట్టుకోవాలి, డ్రైవరు నొక్కాలి. అన్నం స్పూనుతో, ఎడం చేత్తో, కుడి చెయ్యి కంచం అంచు మీద. ఇంక ఆమెకి అభ్యంతరం లేకపోయింది. ప్రసాదం ఎట్లా అంది. రెండు చేతులూ కలిపి పట్టాలి కదా, ఎడంది పైన, కుడిది కింద, ఇంతకన్నా మంచి వ్యాయామం నా దగ్గర లేదన్నాను. కొండ మీద దుర్గమ్మ గుడిలో అట్లాగే తీసుకుందని ఫోటో పంపారు. అక్షరాభ్యాసానికి ముందే పంతులుగారితో మాట్లాడుకున్నారు, ఎడం చేత్తో రాసింది, బియ్యం పళ్లాన్ని కుడి చేత్తో పట్టుకుంది.

తర్వాత రెండేళ్లు మా పని అంతా వంటింట్లోనే. చిక్కుడుకాయలు, శనక్కాయలు ఒలవడం, చపాతీ కర్ర, టిఫిన్ బాక్సు మూత, నీళ్ల సీసా. ఒక్క షరతు, ఒక్క చేత్తో అయ్యే పని అయితే చేయించొద్దు, పిల్లలు తెలివైనవాళ్లు, ఎడం చేత్తోనే కానిచ్చేస్తారు. రెండు చేతులూ పెడితేనే అయ్యే పని కావాలి. వాళ్లమ్మకి ఇంకో మాట చెప్పాను, ఎక్సర్‌సైజు అని పేరుపెట్టి రోజుకి గంట కూర్చోబెట్టొద్దు, నువ్వు అమ్మవి, థెరపిస్టు ఉద్యోగం నాకు ఉండనీ. ఆ మాటకి ఏడ్చింది. అప్పటిదాకా సాయంత్రమైతే పాప తనని చూసి పారిపోయేదంట.

నాలుగేళ్లప్పుడు ఎండాకాలం సెలవల్లో మళ్లీ గ్లౌజు పెట్టాను. అదే పద్ధతి! ఈసారి 3 వారాలు, రోజుకి 2 గంటలు, ఇంకో ఇద్దరు ఇలాంటి పిల్లలతో కలిపి, గ్లౌజుకి పులి ముఖం కుట్టించాం, పులి నిద్రపోతోంది లేపొద్దు అని ఆట. తిండి జోలికి పోలేదు. గుప్పిట విప్పి పట్టుకుని వదలడం ఆ 3 వారాల్లో వచ్చింది. వచ్చింది వచ్చినట్టే వంటింటి పనుల్లో పెట్టేశాం కాబట్టి నిలిచింది, గ్లౌజు తీసేసి వదిలేస్తే కొన్ని నెలల్లో చాలావరకు జారిపోవడం ఇంతకుముందు వేరే పిల్లల్లో చూశాను.

నేను చూడనిది

ఇది రెండో తప్పు. ఎల్‌కేజీ టీచరు కంప్లైంటు, బొమ్మకి సగమే రంగేస్తుంది, బద్ధకం అని. ఇంట్లో కంచంలో కూర వదిలేస్తుంది, కూరలు తినదు అని. కుడి భుజం గుమ్మానికి కొట్టుకుంటూ ఉంటుంది. మూడూ నాకు విడివిడిగా చెప్పారు, మూడూ నేను కుడి చెయ్యి మీద ధ్యాస లేకపోవడం ఖాతాలో వేసేశాను.

ఒకరోజు క్లినిక్‌లోనే ఉప్మా పెడుతుంటే సరిగ్గా సగం తిని అయిపోయిందంది. కుడి పక్క సగం అలాగే ఉంది. వాళ్లమ్మ ఏం ఆలోచించకుండా కంచాన్ని గిర్రున తిప్పింది, "అదిగో ఇంకా ఉందిగా" అంటే మిగతాది కూడా తినేసింది. తిప్పడం ఆమెకి అలవాటైపోయింది, ఎందుకు తిప్పుతోందో ఆమెకీ తెలీదు.

అది బద్ధకం కాదు, చూపు. చూపు దారి మెదడు వెనక్కి వెళ్లేటప్పుడు దెబ్బతిన్న చోటు మీదుగా వెళ్తుంది, అందువల్ల ఇలాంటి కొందరు పిల్లలకి రెండు కళ్లలోనూ ఒకే పక్క సగం కనపడదు. కన్ను బాగానే ఉంటుంది, అక్షరాల చార్టు చదివేస్తారు, అందుకే మామూలు పరీక్షలో దొరకదు. విజయవాడ తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ కంటాసుపత్రికి రాసి పంపాను, చూపు పరిధి చూసి కుడి సగం లేదని తేల్చారు. రెండేళ్లు నా ముందే కూర్చుంది ఈ పిల్ల. ఇప్పుడు పక్షవాతం ఉన్న ఏ పిల్లొచ్చినా మొదటి వారంలోనే కంటి పరిధి పరీక్షకి రాస్తున్నా.

దీనికి చెయ్యాల్సింది చాలా తక్కువ, ఖర్చు సున్నా. క్లాసులో బోర్డు వైపు తిరిగి కూర్చుంటే గదిలో కుడి అంచున ఉన్న బెంచీలో కూర్చోబెట్టాలి, అప్పుడు బోర్డూ టీచరూ ఎడం పక్కకొస్తారు. రోడ్డు మీద పెద్దవాళ్లు ఆమెకి కుడి పక్కన నడవాలి. తల తిప్పి చూడ్డం ఆటలా నేర్పాలి. పుస్తకం కుడి అంచున ఎర్ర గీత, ఎర్ర గీత కనిపించేదాకా లైను అయిపోనట్టే.

మిగతావి

అయిదేళ్లకి రాత్రి నిద్రలో ఫిట్స్ వచ్చింది, కుడి పక్క. మెదడులో మచ్చ ఉన్న పిల్లలకి ఎన్నేళ్ల తర్వాతైనా రావచ్చు, ఇది ముందే చెప్పి ఉంచాను కాబట్టి చేతిలో తాళాలు పెట్టలేదు, నోట్లో నీళ్లు పొయ్యలేదు, పక్కకి తిప్పి పడుకోబెట్టి టైము చూశారు. న్యూరాలజిస్టు లెవెటిరాసెటామ్ అనే ఫిట్స్ మందు మొదలుపెట్టారు. మూడు నెలలు ఏమీ రాలేదని వాళ్లంతట వాళ్లే ఆపేశారు, ఆపిన 9వ రోజు 12 నిమిషాల ఫిట్స్. అప్పటి నుంచి 5 నిమిషాలు దాటితే ముక్కులో కొట్టే మిడజోలామ్ స్ప్రే ఇంట్లో ఒకటి, స్కూలు బ్యాగులో ఒకటి. లెవెటిరాసెటామ్ వల్ల చిరాకు పెరగొచ్చు, పెరిగింది కూడా. మొండిదైపోయిందని కొట్టబోతే ఆపి డాక్టరుగారికి చెప్పించాను, డోసు సర్దారు.

కాలికి ఏఎఫ్ఓ, అదే పాదాన్నీ చీలమండనీ సరిగ్గా పట్టి ఉంచే ప్లాస్టిక్ స్ప్లింటు. దాంతో చిక్కు ఏంటంటే అది బూటులోనే పెట్టాలి, మన ఇళ్లలో లోపల చెప్పులేసుకోరు, అంటే రోజులో సగం స్ప్లింటు లేనట్టే. ఇంటికి మాత్రమే వాడే కాన్వాస్ బూట్లు ఒక జత కొనిపించాం, పూజగది గుమ్మం దాకా అనుమతి.

స్కూలు నుంచి వచ్చాక గంటసేపు ఏడుపు, విసిరేయడం. ఆమెకి రోజంతా ఒంటిని నడిపించుకోవడానికే మిగతా పిల్లలకన్నా ఎక్కువ శక్తి అవుతుంది, దానిమీద ట్యూషన్. ట్యూషన్ మాన్పించాం, 40 నిమిషాలు పడుకోనిచ్చాం. సగం పోయింది.

సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఎంత శాతమో చెప్పే ప్రభుత్వ కాగితం, దాని విషయంలో తాత అడ్డుపడ్డాడు, ఆడపిల్లకి అట్లాంటి కాగితమా, రేపు సంబంధాలు అని. నేను బలవంతం చెయ్యలేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 40 శాతం గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే ఏమేం వస్తాయో, పరీక్షల్లో అదనపు టైము దగ్గర్నుంచి, ఒక కాగితం మీద రాసిచ్చాను. ఏడాది తర్వాత ఆయనే మీసేవకి వెళ్లి స్లాటు తీసుకున్నాడు.

ఇప్పుడు

ఎనిమిదిన్నర. మూడో తరగతి, ఎడం చేత్తో రాస్తుంది, పుస్తకం జారకుండా దాని మీద కుడి చెయ్యి పెడుతుంది, రబ్బరు షీటు కూడా అక్కర్లేదు. జడ వేసుకోవడం రాదు. చొక్కా పైగుండీ పెట్టుకోవడం రాదు. లెక్కల్లో నిలువుగా అంకెలు వరసలో పెట్టడం కష్టం, దాని మీద పని చేస్తున్నాం. పొడుగవుతున్నకొద్దీ కుడి పిక్క బిగుసుకుంటోంది, బిగిసిన కండరాన్ని వదులు చేసే బొటాక్స్ ఇంజెక్షన్ చేయించి కొన్ని వారాలు కట్టు వేద్దామా, స్ప్లింటు మార్చి చూద్దామా అని ఆర్థోపెడిక్ డాక్టరుగారూ నేనూ వచ్చే నెల కూర్చుంటున్నాం. ఈ ఎండాకాలం ఎంత పొడుగవుతుందో చూశాక చెయ్యాలని నా అభిప్రాయం, ఆయనది ఇప్పుడే అని.

పోయిన నెల తన సొంత లక్ష్యం తనే చెప్పింది, సైకిలు. సైకిలు తొక్కగలదు, కుడి పక్క బ్రేకు నొక్కలేదు. నేనూ వాళ్ల నాన్నా పాపని తీసుకుని బ్రాడీపేటలో ఒక సైకిలు షాపుకెళ్లాం, రెండు బ్రేకుల కేబుళ్లూ ఎడం పక్క ఒకే లివరుకి కలపాలని అడిగాం. షాపాయన కేబులు చేత్తో పట్టుకుని మా వంక చూసి, కంపెనీ వాడు రెండిచ్చాడు కదా, ఎందుకు మార్చడం అన్నాడు. మేం నోరు తెరిచేలోపే చిన్ని,

"క్లీనరు బ్రేకేస్తాడా అంకుల్?" అంది.

ఆయన 180 రూపాయలు తీసుకుని బిగించి ఇచ్చాడు. ఎదురుగా కుడి సందులోంచి వచ్చే బళ్ల సంగతి ఇంకా తేల్చుకోవాలి, అప్పటిదాకా స్కూలు గ్రౌండులోనే.